గల్లంతైన మనిషి దొరికేదాకా

నర్సమ్మకు ఆ బాధ్యత అంటగట్టడానికి కారణం ఒక్కటే. ఊళ్లో స్ట్రెచర్ ఉన్నది ఆమె దగ్గరే. "విపత్తు సన్నద్ధత డ్రిల్లుకు తగిన పరికరాలు కలిగిన స్థానిక ఉద్యోగిని ఇన్‌చార్జిగా నియమించాలి" అని జిల్లా ఆఫీసు కాగితం పంపింది. ఊళ్లో ఉద్యోగులంటూ ఉన్నది ముగ్గురు. హెడ్మాస్టారి దగ్గర బడి గంట ఉంది, పోస్టాఫీసాయన దగ్గర ముద్ర ఉంది, నర్సమ్మ దగ్గర ఆస్పత్రి స్ట్రెచర్ ఉంది. ముగ్గురూ కూర్చుని ఆలోచిద్దామనుకున్నారు గానీ, మిగతా ఇద్దరూ అప్పటికే ఆమె వైపు చూస్తున్నారు.

ఊరు రెండు కొండల మధ్య ఇరుక్కుని ఉంటుంది. నడుమ వాగు. వాగును ఆనుకుని కింది వీధి. బేకరీ, మంగలి షాపు, పోస్టాఫీసు, రెండు గదుల ఆస్పత్రి అన్నీ అక్కడే. ఆస్పత్రి మెట్ల కింద, నిలబడితే తల తగిలే చోట, నర్సమ్మ భర్త గడియారాలూ కళ్లజోళ్లూ బాగుచేసే కొట్టు. బడి ఒక్కటే పైన, కొండ భుజం మీద, ఎక్కేసరికి ఆయాసం వచ్చేంత ఎత్తులో ఉంది.

జిల్లా నుంచి వచ్చిన కాగితాల్లో అంతా ముందే జరిగిపోయినట్టు రాసుంది. వాన పడుతుంది, వాగు పొంగుతుంది, కింది వీధి మునుగుతుంది. మృతులు ఏడుగురు, గాయపడినవారు పన్నెండు మంది, గల్లంతు ఒకరు. మెడలో వేసుకోవడానికి దారాలు కట్టిన అట్టముక్కలు కూడా పంపారు. చచ్చినవాళ్లకు నల్లవి, దెబ్బలు తగిలినవాళ్లకు ఎర్రవి, గల్లంతైన మనిషికి పసుపుది.

ఆ అట్టలు పంచేసరికి నర్సమ్మ తల ప్రాణం తోకకొచ్చింది. బేకరీ ఆయన చావడానికి ససేమిరా అన్నాడు. మొన్ననే పళ్లు కట్టించుకున్నాడట, కనీసం ఏడాదైనా వాడుకోవద్దా అని అడిగాడు. మంగలి, కాలు విరిగితే పరవాలేదు గానీ చెయ్యి విరిగితే జనం గడ్డాలకు పొరుగూరు పోతారని, అట్ట మీద "చేయి" కొట్టేసి "కాలు" రాయించుకున్నాడు. గోడ గొడవ మీద పదేళ్లుగా మాటల్లేని అన్నదమ్ములిద్దరున్నారు. అన్నకు నల్ల అట్ట ఇచ్చారని తెలిసి తమ్ముడొచ్చి, వాడికి దక్కింది నాకెందుకు దక్కకూడదని గుమ్మంలో కూర్చున్నాడు. చివరికి ఇద్దరినీ చంపి పంపేసింది నర్సమ్మ.

ఆమె అత్తగారు మాత్రం అడగకుండానే వచ్చి నల్ల అట్ట మెడలో వేసుకుంది. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి. ఎలాగూ తప్పదు కదా, ఒకసారి చేసి చూస్తే భయం పోతుందని ఆమె వాదన.

పసుపు అట్ట ఒక్కటి మిగిలింది. దాన్ని నర్సమ్మ మర్నాడు పొద్దున టీ తాగేటప్పుడు భర్తకిచ్చింది. ఆయన్ని కావాలని ఎంచుకున్నదేం కాదు. నిజం చెప్పాలంటే, ఆయన లేకపోతే ఏ పనీ ఆగదు కాబట్టి ఇచ్చింది. నోట్లో నాలుక లేని మనిషి. పదిమందిలో ఉన్నా ఉన్నట్టుండదు. ఆయన మాట్లాడుతుండగానే పక్కవాళ్లు వేరే సంగతి మొదలుపెట్టేస్తారు, ఆయన కూడా ఆ వేరే సంగతే వింటూ కూర్చుంటాడు. ఇరవై రెండేళ్ల కాపురంలో ఆయన ఒక మాటను మూడోసారి చెప్పింది నర్సమ్మ వినలేదు. మూడోసారికి ఆయనే మానేసేవాడు.

ఆయన కళ్లజోడు సర్దుకుని అట్టను రెండువైపులా చదివాడు. "వాగుకు ఎగువన చివరిసారిగా కనిపించారు. గాలింపు బృందం కనిపెట్టే వరకు స్వయంగా బయటకు రాకూడదు" అని ఉంది.

"అసలు రాకూడదా?" అన్నాడు.

"వాళ్లు పట్టుకునేదాకా రాకూడదు."

"సరే" అని టీ గ్లాసు కడిగి బోర్లించి, జేబులో చిన్న స్క్రూడ్రైవరు ఉందో లేదో తడిమి చూసుకుని వెళ్లిపోయాడు.

తొమ్మిదింటికి సైరన్ మోగింది. జనం వరసలు కట్టి బడికి ఎక్కారు. పదిన్నరకల్లా అందరూ పైనే ఉన్నారు. జిల్లా నుంచి వచ్చిన ఆఫీసరు చేతిలో స్టాప్‌వాచీ నొక్కి, ఇంత త్వరగా మునిగిన ఊరిని తను చూడలేదని మెచ్చుకున్నాడు. ఆయన మంచివాడే. కాకపోతే కాగితానికీ లోకానికీ తేడా వస్తే లోకాన్ని సరిచేయించే రకం. లైబ్రరీ గదిలో బల్లల మీద ఏడుగురు మృతులనూ పడుకోబెట్టి దుప్పట్లు కప్పారు. అత్తగారు కళ్లు మూసుకుని కదలకుండా పడుకుంది. ఆవిడ గంటసేపు నోరు మెదపకుండా ఉండటం కాపురానికొచ్చాక అదే మొదటిసారి కావడంతో, నర్సమ్మ ఆ గదిలోకి రెండు మూడుసార్లు పనిలేకపోయినా వెళ్లొచ్చింది.

ఫైర్‌స్టేషన్ నుంచి వచ్చిన నలుగురి బృందం గల్లంతైన మనిషిని వెతకడానికి బయల్దేరింది. మధ్యాహ్నం భోజనానికి ముందే దొరుకుతాడని అంచనా. ఏ ఊళ్లోనైనా గల్లంతైనవాడు పంపుహౌసు వెనకాల కూర్చుని, బృందం దగ్గరికి రాగానే ఓసారి దగ్గుతాడు. అంతటితో విజిల్ ఊది పని ముగిస్తారు.

ఈ ఊళ్లో ఎవరూ దగ్గలేదు.

ఆ పొద్దున్నే నిజంగానే వాన మొదలైంది. కొండంతా మంచు కమ్మేసి పది అడుగుల అవతల ఏముందో కనబడటం లేదు. మధ్యాహ్నం ఎక్కడో పెద్దగా ఉరిమింది. ఆఫీసరు పుస్తకంలో "ఉరుము, రెండు గంటల పది నిమిషాలు" అని రాసుకున్నాడు. సాయంత్రం నాలుగైంది, అయిదైంది. బృందం పై వంతెన దాకా వెళ్లి, అక్కడ పాతిన జెండా దాటి వెతకడానికి తమకు అనుమతి లేదని వెనక్కి వచ్చేసింది.

ఆఫీసరు నర్సమ్మను పిలిచి ఫారంలో పద్నాలుగో గడి చూపించాడు. హాజరు మూడువందల తొంభై రెండు, మృతులు ఏడు, గాయాలు పన్నెండు, గల్లంతు ఒకటి. మొత్తం నాలుగువందల పన్నెండు. గల్లంతు గడిలో సున్నా పడితే తప్ప ముగింపు సైరన్ మోగించకూడదు. ముగింపు సైరన్ మోగితే తప్ప ఎవరూ ఇంటికి పోకూడదు.

"మా ఆయన అంత దూరం పోయే మనిషి కాదండీ" అంది నర్సమ్మ.

అలాంటి మనిషి దొరకకపోవడమే ఇబ్బంది అన్నాడు ఆఫీసరు. బడి చుట్టూ తాడు కట్టించాడు. తాడు దాటినవాళ్లు కూడా గల్లంతు కింద వస్తారని ప్రకటించాడు.

నర్సమ్మకు ముందు ఒళ్లు మండింది. బల్బు మార్చమంటే కనిపించని మనిషి ఇవాళ కూడా కనిపించకపోవడంలో వింతేముంది అనుకుంది. చీకటి పడకముందే ఉడికించిన బంగాళాదుంపలు, రొట్టె, బీపీ మాత్ర ఒక డబ్బాలో పెట్టి, ఇన్‌చార్జి కాబట్టి తనకున్న పాసు చూపించి, పై వంతెన దగ్గర జెండా పక్కన రాయి మీద పెట్టి వచ్చింది.

రెండో రోజు పొద్దున వెళ్లి చూస్తే డబ్బా అక్కడే ఉంది. ఖాళీగా, శుభ్రంగా కడిగి, నీళ్లు కారిపోయేలా బోర్లించి ఉంది. మాత్ర కూడా లేదు.

గుండె మీద నుంచి బరువు దిగిపోయింది. ఆ దిగిపోయిన చోటే కోపం వచ్చి కూర్చుంది. మనిషి నిక్షేపంలా ఉన్నాడు. కావాలనే దాక్కున్నాడు. డబ్బా తెచ్చి ఆఫీసరుకు చూపిస్తే ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, దొరికింది డబ్బాయే గానీ మనిషి కాదని, డబ్బాకు గడి లేదని చెప్పాడు.

ఆ రోజు బేకరీ ఆయన తన పొయ్యి ఎలా ఉందో చూసొద్దామని తాడు కింద నుంచి దూరాడు. పది నిమిషాల్లో పట్టుకొచ్చారు. ఆ పది నిమిషాలూ గల్లంతైనందుకు, దొరికినందుకు, దొరికినప్పుడు ఒంటి మీద దెబ్బలు లేనందుకు మొత్తం పదకొండు కాగితాల మీద సంతకాలు పెట్టేసరికి రెండు గంటలు పట్టింది. ఆ తర్వాత తాడు దగ్గరికి ఎవరూ పోలేదు. మంగలి కట్టు కట్టిన కాలు చాపుకునే, ఎటూ ఊసుపోక, బళ్లో ఉన్న అందరి గడ్డాలూ గీశాడు. గోడ గొడవ అన్నదమ్ములు పక్కపక్క బల్లల మీద దుప్పట్ల కింద పడుకుని, చచ్చాక కూడా ఆ గోడ ఎవరిదో తేల్చుకుంటున్నారు. పదేళ్ల తర్వాత మాటలు కలిశాయి కదా అని జనం సంతోషించారు.

మధ్యాహ్నం అత్తగారు దుప్పటి తీసేసి వసారాలోకి వచ్చింది. తడిసిన కొండవైపు చూస్తూ నిలబడింది. మృతులు తిరగకూడదని ఆఫీసరు మర్యాదగానే గుర్తుచేశాడు.

"చచ్చాను గానీ తల్లిని కాకుండా పోయానా బాబూ" అంది ఆవిడ. "వాడికి తడిస్తే జలుబు చేస్తుంది."

ఆఫీసరు తన రూల్స్ పుస్తకంలో చాలాసేపు వెతికాడు. దానికి జవాబు దొరక్క, ఆవిడకు వసారాలో కుర్చీ వేయించాడు.

మూడో రోజు పొద్దున వాన పడుతూనే ఉంది గానీ మంచు విడిపోయింది. బడి గోడ దగ్గర నిలబడితే కింద ఊరు, వాగు స్పష్టంగా కనిపించాయి. అందరూ ఒక్కసారి నవ్వారు. మూడు రోజులుగా వరద, వరద అని చెవులు చిల్లులు పడేలా చెప్పించుకున్నాక చూస్తే, వాగులో మోకాలి లోతు నీళ్లు కూడా లేవు. రాళ్లు తేలి కనబడుతున్నాయి. వాగులో ఇంత తక్కువ నీళ్లు ఎండాకాలంలో కూడా చూడలేదని హెడ్మాస్టారు అన్నాడు. ఇంకేం, బట్టలు ఉతుక్కోవచ్చు అని ఎవరో అన్నారు.

రోజుకోసారి సూచనల పుస్తకం పైకి చదివి వినిపించాలని నియమం. నర్సమ్మ మూడోసారి చదువుతోంది. వినేవాళ్లెవరూ లేరు, ఆమె కూడా నోటితోనే చదువుతోంది గానీ మనసు పెట్టలేదు. తొమ్మిదో పేజీలో, "వాన కురుస్తూ ఉండగా వాగులో నీరు హఠాత్తుగా తగ్గిపోతే, ఎగువన కొండచరియ పడి ప్రవాహానికి అడ్డుకట్ట పడిందని గ్రహించి..." అన్న దగ్గర ఆమె ఆగిపోయింది. ఆ వాక్యం మొన్నా చదివింది, నిన్నా చదివింది. పుస్తకం మూసి, వాగు వైపు చూసి, మళ్లీ తెరిచి చదువుకుంది. తర్వాత డబ్బాలో రొట్టె, మాత్ర సర్దుకుని, భోజనం పెట్టి వస్తానని చెప్పి కొండ ఎక్కింది.

జెండా దాటి మరో అరగంట నడిచింది. వాగు అక్కడ లోయలోకి ఒదిగి, రెండు రాతిగోడల మధ్య నుంచి వస్తుంది. దారి పక్కన పాత గొర్రెల దొడ్డి ఉంది, చుట్టూ పొదలు. మనిషి అలికిడి లేదు. పిలిచింది. పలకలేదు. ఇంకోసారి పిలిచింది. నియమం ప్రకారం ఈయన చచ్చినా పలకడని అర్థమైంది. నర్సమ్మ ఒక్క క్షణం ఆలోచించి, తన కళ్లజోడు తీసి, పొదలకు వినబడేలా అంది.

"అయ్యో, కళ్లజోడు స్క్రూ ఊడి పడిపోయింది."

"కదలకు" అన్నాయి పొదలు. "కాలు తీయకు, తొక్కేస్తావు."

ఆయన నాలుగు కాళ్ల మీద, నేల మీద కళ్లు పెట్టి వెతుక్కుంటూ బయటికి వచ్చాడు. చేతిలో స్క్రూడ్రైవరు ఉంది. మూడు రోజుల గడ్డం. ఒంటి నిండా మట్టి. స్క్రూ కళ్లజోడుకే ఉందని చూశాక కూడా, వదులైందేమోనని ఓసారి బిగించి ఇచ్చాడు.

తిడదామని వచ్చిన నర్సమ్మ, ఆ బిగించడం చూసి తిట్టలేకపోయింది.

"రా, చూపిస్తా" అన్నాడు ఆయన.

దొడ్డి వెనక రాయి ఎక్కితే లోయ కనిపించింది. అక్కడ వాగు లేదు. చెరువుంది. బూడిద రంగు నీళ్లు, నీళ్లలో నిలువునా నిలబడ్డ చెట్లు. ఇవతల, రెండు రాతిగోడల మధ్య ఎర్రమట్టి, బండలు, వేళ్లతో లేచొచ్చిన మానులు అడ్డంగా పడి ఉన్నాయి. సగం మొన్న మధ్యాహ్నం రెండూ పదికి పడిందట, మిగతా సగం నిన్న పొద్దున. ఆయన ఒడ్డున పుల్లలు గుచ్చి పెట్టాడు, గంటకొకటి. నీళ్లు ఎంత వేగంగా పెరుగుతున్నాయో లెక్కకట్టి, ఇవాళ మూడూ ముప్పావుకు కట్ట మీద నుంచి పొర్లుతాయని చెప్పాడు. పొర్లడం మొదలైతే మట్టి నిలవదు.

"మొన్ననే చూసి దిగొచ్చి చెప్పకుండా ఇక్కడ కూర్చున్నారా?" అంది నర్సమ్మ. 

"చెబుదామనే సగం దూరం దిగాను" అన్నాడు ఆయన. "నేను దొరికానని విజిల్ ఊదుతారు. సైరన్ మోగుతుంది. అందరూ ఇళ్లకు పోతారు. ఆ తర్వాత నేను చెప్పేది ఎవరు వింటారు?"

నర్సమ్మకు తమ వంటిల్లు గుర్తొచ్చింది. నిరుడు వంటింటి కప్పు కారబోతుందని ఈయన రెండుసార్లు చెప్పాడు. అది కారి నెత్తి మీద పడ్డాక తను, ముందే చెప్పొచ్చు కదా అని అరిచింది.

"నేను దొరకనంతసేపూ ఊరంతా గట్టు మీదే ఉంటుంది" అన్నాడాయన. "అందుకని దొరకలేదు."

 నీళ్లలో ఒక చెట్టు మెల్లగా పక్కకు వాలింది.

"ఇప్పుడు నేను దొరికినట్టా?" అని అడిగాడు.

నర్సమ్మ తెచ్చిన డబ్బా ఆయన చేతిలో పెట్టింది. ఇంకాస్త ఎత్తుకు పోయి కూర్చోమంది. మాత్ర వేసుకోమంది. గబగబా దిగింది.

బడి చేరేసరికి పన్నెండు దాటింది. మొదట జనానికి చెప్పింది. పైన కట్ట పడిందనీ, మధ్యాహ్నం తెగుతుందనీ, ఊరు కొట్టుకుపోతుందనీ ఉన్నదున్నట్టు చెప్పింది. జనం తలలూపారు. ఈ మాట ఆమె మొన్నటి నుంచీ రోజూ చెబుతూనే ఉంది కదా. బేకరీ ఆయన, మొన్నటికన్నా ఇవాళ బాగా చెప్పావమ్మా, నిజంగా భయమేసింది అని మెచ్చుకున్నాడు.

జిల్లా విపత్తు విభాగానికి ఫోన్ చేసింది. అవతల గంట మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తలేదు. ఎత్తాల్సిన మనిషి ఆఫీసరుతో పాటే వచ్చి, బడి వరండాలో బంగాళాదుంప పొట్టు తీసుకుంటూ, అది మా ఆఫీసు నెంబరేనండీ, మేమంతా ఇక్కడే ఉన్నాం కదా అన్నాడు.

చివరికి ఆఫీసరు దగ్గరికి వెళ్లి, మాట వరసకు అడుగుతున్నట్టు అడిగింది. డ్రిల్లు నడుస్తుండగా అసలు విపత్తే వస్తే ఏం చేస్తారని.

"డ్రిల్లు నడుస్తుండగా అసలు హెచ్చరిక ఇవ్వడానికి వీల్లేదండీ. రెండూ కలిసిపోతాయి. ముందు ఇది ముగించాలి."

"ముగించాలంటే?"

"మీవారు దొరకాలి. దొరికాక అందరూ ఇళ్లకు వెళ్లాలి. క్షేమంగా ఇల్లు చేరామని సంతకాలు పెట్టాలి. అప్పుడు అసలు హెచ్చరిక ఇవ్వొచ్చు." ఆయన కలం తీసి ఆశగా చూశాడు. "దొరికారా?"

నర్సమ్మ పుట్టి బుద్ధెరిగాక ప్రభుత్వ కాగితం ముందు అబద్ధం చెప్పి ఎరగదు.

"దొరకలేదండీ" అంది.

ఆఫీసరు ముఖం వాడిపోయింది. ఆయనకూ ఇల్లుంది, మూడు రోజులుగా అదే చొక్కా. జనం కూడా సహనం కోల్పోయి తాడు దగ్గర గుంపు కట్టారు. ఆయన పెట్టెలోంచి ఒక లావుపాటి పుస్తకం తీసి పేజీలు తిరగేశాడు. ఒంటిగంటన్నరకు ఆయన ముఖం విప్పారింది. నలభై ఎనిమిది గంటలు దాటినా దొరకని మనిషిని, దగ్గరి బంధువు సంతకంతో, గల్లంతు గడి నుంచి మృతుల గడికి మార్చవచ్చట. అప్పుడు గల్లంతు సున్నా. ముగింపు సైరన్ మోగించుకుని అందరూ హాయిగా ఇళ్లకు పోవచ్చు.

కాగితం రాసి తెచ్చి నర్సమ్మ ముందు పెట్టాడు. ఇది ఉత్త కాగితం మీది మాటేనని, సాయంత్రానికల్లా ఆయన ఇంట్లో కూర్చుని టీ తాగుతాడని నచ్చజెప్పాడు. జనం చుట్టూ మూగి, పెట్టేయమ్మా, పెట్టేయ్, మళ్లీ బతికించుకుందాం అన్నారు. నర్సమ్మ చేతులు వెనక్కి పెట్టుకుంది. పెట్టనంటే పెట్టనంది. ఆమెకు కన్నీళ్లు తిరిగాయి. ఇందాక చెప్పిన నిజాన్ని నమ్మని జనం ఆ కన్నీళ్లను నమ్మి, పాపం, మొగుడంటే ఎంత ప్రాణమో అనుకున్నారు. అదీ అబద్ధమేం కాదు.

"భార్య నిరాకరిస్తే తల్లి పెట్టొచ్చు" అని చదివాడు ఆఫీసరు.

అందరూ వసారాలోని కుర్చీ వైపు తిరిగారు. నర్సమ్మ వాళ్లకంటే ముందు అక్కడికి చేరింది. వంగి అత్తగారి చెవిలో నాలుగు ముక్కలు చెప్పింది. ఇరవై రెండేళ్లలో కోడలు చెప్పింది ఒక్కటీ మారుమాట్లాడకుండా చేయని ఆ మనిషి, ఈసారి ఎందుకని కూడా అడగలేదు. లేచి, లైబ్రరీ గదిలోకి నడిచి, తన బల్ల ఎక్కి పడుకుని దుప్పటి మెడదాకా లాక్కుంది.

ఆఫీసరు కలం పట్టుకుని వచ్చాడు.

"నేను చచ్చి మూడు రోజులైంది బాబూ" అంది ఆవిడ కళ్లు తెరవకుండా. "నాచేత సంతకం ఎలా పెట్టిస్తావు?" అని దుప్పటి ముఖం మీదికి లాక్కుంది.

ఆఫీసరు మళ్లీ పుస్తకం తిరగేశాడు. ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. ఆవిడ మరణాన్ని రద్దు చేయాలంటే వేరే ఫారం ఉంది, దాని మీద డాక్టరు సంతకం కావాలి, డాక్టరు పొరుగూళ్లో ఉన్నాడు. కొండ మీది దారిన మనిషిని పంపించాడు. రావడానికి రెండు గంటలు.

జనం ఉసూరుమంటూ నేల మీద కూలబడ్డారు. నర్సమ్మ బడి గోడ దగ్గర నిలబడి చూస్తోంది. మూడు దాటింది. మూడూ పావు. మూడున్నరకు ఇద్దరు ముగ్గురు, ఏమైతే అదైంది, పదకొండు కాగితాలే కదా అని తాడు ఎత్తారు. ఆమె వెళ్లి వాళ్ల కాళ్ల ముందు స్ట్రెచర్ అడ్డంగా వేసి దాని మీద కూర్చుంది. వాళ్లు మొహమాటపడి నిలబడిపోయారు.

ముందు చప్పుడు రాలేదు, వాసన వచ్చింది. పచ్చి మట్టి వాసన, కొండ కడుపు కోసినట్టు. తర్వాత నేల అదిరింది. ఆ తర్వాత లోయ నోట్లోంచి అది వచ్చింది. నీళ్లలా లేదు. చెట్లూ బండలూ ఒకదాన్నొకటి తోసుకుంటూ నడిచొస్తున్నట్టుంది. పై వంతెన అగ్గిపుల్లల్లే పోయింది. కింది వీధిలోకి తిరిగి, ఒక్కో ఇంటి ముందూ కాస్త ఆగి లోపలికి చూసి వెళుతున్నట్టు, వరసగా తీసుకుంటూ పోయింది. పోస్టాఫీసు. మంగలి షాపు. బేకరీ పొగగొట్టం ఒక్కటి నిటారుగా కొంత దూరం పోయి మునిగింది. ఆస్పత్రిలోని టీకాల ఫ్రిజ్జు తెల్లగా తేలుతూ, గుండ్రంగా తిరుగుతూ వెళ్లిపోయింది.

 నాలుగువందల మంది గోడ వెంబడి నిలబడి చూశారు. తాడు ఎత్తినవాళ్లలో ఒకడు ఇంకా దాన్ని చేత్తో పట్టుకునే ఉన్నాడు. గోడ గొడవ అన్నదమ్ములు తమ ఇళ్లూ, ఆ ఇళ్ల మధ్య గోడా పోవడం పక్కపక్కనే నిలబడి చూశారు. అన్న భుజం మీద తమ్ముడు ఎప్పుడు చెయ్యి వేశాడో ఇద్దరికీ తెలీదు.

చాలాసేపటికి ఆఫీసరు గడియారం చూసుకుని పుస్తకం తెరిచాడు. ఏం రాయాలో తోచక మూసేశాడు. నర్సమ్మ దగ్గరికి వచ్చి, "మీకు ముందే తెలుసు" అన్నాడు.

"మా ఆయన కనిపెట్టారు" అంది నర్సమ్మ.

ఆఫీసరు వెళ్లి లైబ్రరీ బల్ల మీద లేచి కూర్చున్న అత్తగారికి గ్లాసుతో మంచినీళ్లు అందించాడు. ఫారం లేకుండా, డాక్టరు లేకుండా, ఏడుగురి మరణాలనూ ఒక్క గీతతో కొట్టేశాడు. ఆ గీత అడ్డదిడ్డంగా వచ్చింది. 

గడియారాలాయన్ని తీసుకురావడానికి బృందం మళ్లీ కొండెక్కింది. ఈసారి జెండా లేదు, అనుమతీ అడగలేదు. ఆయన దారి పక్కనే రాయి మీద అందరికీ కనబడేలా కూర్చుని ఉన్నాడు. అయినా బృందం నాయకుడు విజిల్ ఊదాడు. ఊదాక ఏడ్చాడట. ఆ సంగతి ఎవరికీ చెప్పొద్దని మిగతా ముగ్గురినీ బతిమాలాడట.

ఆయన బళ్లోకి వచ్చేసరికి ఇంకా వెలుతురుంది. అత్తగారు కొడుకు తల తుడుస్తూ, చెప్పిన మాట వినకుండా వానలో తిరిగావని కోప్పడింది. జనం ఆయన చుట్టూ నిలబడ్డారు గానీ, అంతమంది ఒక్కసారి తన వైపు చూడటం ఆయనకు అలవాటు లేదు, వాళ్లకూ ఆయనతో మాట్లాడటం అలవాటు లేదు. ఒక్కొక్కరే పక్కకు తప్పుకున్నారు. నర్సమ్మ ఒకటో తరగతి గదిలో పొట్టి బెంచీ మీద ఆయన్ని కూర్చోబెట్టి, చేతుల మీద గీసుకుపోయిన చోట్ల మందు రాయడం మొదలుపెట్టింది. అప్పుడు ఆయన, ఎవరూ అడగకుండానే, కొట్లో ఉండిపోయిన వాచీల గురించి చెప్పాడు. మొత్తం పద్నాలుగు. పోస్టాఫీసాయనది, ముల్లు విరిగింది. హెడ్మాస్టారిది, నీళ్లు దూరాయి. ఒక్కోటీ ఎవరిదో, దానికేమైందో, ఎంతవరకు బాగైందో చెప్పుకుంటూ పోయాడు. నర్సమ్మ మందు రాయడం అయిపోయినా చెయ్యి వదల్లేదు, మధ్యలో మాట కలపలేదు.

తొమ్మిదో వాచీ దగ్గర ఉండగా బేకరీ ఆయన గుమ్మంలోకి వచ్చాడు. ఇల్లూ పొయ్యీ అన్నీ పోయిన మనిషి, కళ్లు ఎర్రగా ఉన్నాయి. లోపలికి వచ్చి, ఎదురుగా పిల్లల బెంచీలో మోకాళ్లు పట్టక పక్కకు తిరిగి కూర్చున్నాడు.

"నా వాచీ నీ దగ్గరే ఉండాలి" అన్నాడు.

"ఉంది" అన్నాడు గడియారాలాయన. "రేపు ఇచ్చేద్దామనుకున్నా."

"పోయిందా?"

"పోయింది."

బేకరీ ఆయన తల ఊపాడు.  తర్వాత, ఇంతకీ దానికేమైంది, ఎందుకు ఆగిపోయేది అని అడిగాడు. స్ప్రింగులో ఉంది తప్పంతా అని గడియారాలాయన మొదలుపెట్టాడు. స్ప్రింగు ఎలా చుట్టుకుంటుందో, ఎక్కడ బిగుసుకుంటుందో వేళ్లతో చూపిస్తూ వివరంగా చెప్పసాగాడు. బేకరీ ఆయన ముందుకు వంగి, ఒక్క ముక్క కూడా పోకుండా వింటూ కూర్చున్నాడు.